కాగితాలున్న పొగ

ఆ సాయంత్రం నా పని
ఒకరి మాటని ఇంకొకరి చెవిలో వెయ్యడం.
గంటకి నలభై డాలర్లు, పెట్రోలు ఖర్చు అదనం.
హూస్టన్ ఓడల కాలువ పక్క బడిలో
బాస్కెట్‌బాల్ రింగు కింద మడత కుర్చీలు,
గోడ మీద మూడు నిమిషాల ఎర్ర గడియారం.
కంపెనీవాళ్లు చల్లటి నీళ్ల సీసాలు పెట్టారు.
ఎవరూ ముట్టుకోలేదు.

మా వృత్తికి ఒకటే నియమం:
"ఆమె అంటోంది" అనకూడదు.
ఎవరు మాట్లాడితే వాళ్లయిపోయి
"నేను" అనాలి.

ముందు కంపెనీ ఇంజనీరునయ్యాను.
"నేను పెట్టబోయేది ఒక్క కొలిమే" అన్నాను స్పానిష్‌లో,
"ఒక్క పొగగొట్టం, ఏడాదికి పదకొండు టన్నులు,
పరిమితికి లోపలే."
మరి పక్కవాళ్ల గొట్టం? ఎవరో అడిగారు.
"అది వేరే దరఖాస్తు" అన్నాను.
దాని పక్కది?
"అదీ వేరే."
కాలువ పొడుగునా అన్నీ పరిమితికి లోపలే,
విడివిడిగా, బుద్ధిగా, ఫైలుకొకటి చొప్పున.
కూడిక మాత్రం
పిల్లల ఊపిరితిత్తులకి వదిలేశారు,
ఇంటిపని ఇచ్చినట్టు.

నలభై రెండో పేజీలో ఒక మాట తగిలింది.
మూతల సందుల్లోంచి, వదులైన బోల్టుల దగ్గర
లెక్కకి చిక్కకుండా జారిపోయే ఆవిరికి
వాళ్లు పెట్టుకున్న పేరు: పరారీ వాయువు.
దాన్ని స్పానిష్‌లో పలికానో లేదో
వెనక వరుసలో ఎవరో ఫక్కుమన్నారు.
తర్వాత గదంతా నవ్వింది.
పరారీ అంటే ఏమిటో ఇక్కడ ఎవరికి చెప్పాలి?
తలుపు చప్పుడైతే దీపం ఆర్పేసే ఇళ్లు ఇవి.
నది దాటొచ్చి పాతికేళ్లయినా
కాగితాల్లేని మనుషుల మధ్యకి
కాగితాలున్న పొగ వస్తోంది,
ముద్ర వేయించుకుని,
పదేళ్ల గడువుతో.

అప్పుడు లేచింది యుఫేమియా సరాసువా.
హోటల్లో దుప్పట్లు ఉతికే మనిషి.
సంచిలోంచి వంటింటి కిటికీ తెర తీసి
మైకు పక్కన పరిచింది.
కొన్న రోజు అది తెల్లటిదట.

"మా ఒనేసిమోకి తొమ్మిదేళ్లు" అంది.
మా ఒనేసిమోకి తొమ్మిదేళ్లు, అన్నాను ఇంగ్లీషులో.
"రాత్రి ఆ మంట ఎగిస్తే వాడి గదికి తెల్లారిపోతుంది."
వాడి గదికి తెల్లారిపోతుంది.
"నిద్రలో వాడి ఊపిరి ఈల వేస్తుంది.
ఈల ఆగితే భయం. ఆగకపోయినా భయం.
పక్కన కూచుని లెక్కపెడతాను.
నిమిషానికి నలభై దాటితే చెప్పులేసుకుంటాను,
ఆసుపత్రికి రెండు బస్సులు మారాలి."

నాకు పిల్లల్లేరు.
అయినా చెప్పులు వెతుక్కుంటున్నట్టు
బల్ల కింద నా పాదాలు కదిలాయి.

గడియారం మోగింది.
ఆమె మూడు నిమిషాల్లో
సగం నేనే తినేశాను.

"అనువాదం ఆమె ఖాతాలోది కాదండీ."
ఈసారి నా సొంత నోటితో అన్నాను.
అధికారి పుస్తకం తిరగేశాడు. చెడ్డవాడేం కాదు,
వేలు తడుపుకుంటూ ఓపిగ్గానే వెతికాడు.
"దానికి నిబంధన లేదమ్మా" అన్నాడు,
"ఇంతకీ మీరెవరి తరఫున?"

యుఫేమియా నా మోచెయ్యి పట్టుకుంది.
ఏమన్నావు, ఏమన్నాడు, చెప్పు.
"నేను..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.
పదహారేళ్ల వృత్తిలో మొదటిసారి
ఆ మాటకి మనిషి దొరకలేదు.

ఆరు వారాలకి అనుమతి వచ్చింది,
ఒక్క ఇంగ్లీషులోనే.
రాత్రి పదిన్నరకి ఫోన్లో చదివి వినిపిస్తున్నాను,
డబ్బులకి కాదు.
నలభై రెండో పేజీ దగ్గర "చాలు" అంది.
ఫోన్ పెట్టెయ్యలేదు.
వెనక సన్నగా ఈల.

ఆమె స్పానిష్‌లో, నేను ఇంకే భాషలోనో,
ఇద్దరం లెక్కపెట్టాం.
ముప్ఫై ఆరు.
ముప్ఫై ఏడు.